కొమ్మాది దిబ్బ మీద రెండు బగ్గీలు

కొమ్మాది దాటాక, ప్లాట్లు కోసి వదిలేసిన దిబ్బ అది.
సరిహద్దు రాళ్లు పాతారు, ఇళ్లు రాలేదు.
ఆశ్వయుజం వానలు ఎర్రమట్టిని
చాళ్లు చాళ్లుగా చీల్చి పోయాయి.
ఆదివారం ఆరింటికి, ఎండ చురుక్కుమనకముందే
మేమిద్దరం అక్కడ మోకాళ్ల మీద ఉంటాం,
దండాలు పెట్టడానికి కాదు, టైర్లు బిగించడానికి.

నాది వెనక చక్రాలు మాత్రమే తోసే బండి.
పన్నెండేళ్లది. తొడుగు మీద మూడు రంగులు,
ఏదీ మొదటిది కాదు.
నూకరత్నానిది నాలుగు చక్రాలకీ బలముంది.
బడిపిల్లల ఆటో తోలిన డబ్బుల్లోంచి
రెండేళ్లు ముక్కలు ముక్కలుగా కొనుక్కుంది:
ఒక నెల మోటారు, ఒక నెల గేర్ల పెట్టె,
పుట్టినరోజుకి బేరింగులు.
"మూడు చక్రాల్తో వారవంతా ఏగతన్నాను,
ఆదివారవైనా నాలుగుండొద్దేటి?" అంటుంది.

మొదట గులకరాళ్ల మెరక.
ఆమె బండి నేలని కరుచుకుని కుదురుగా ఎక్కింది.
నాది తోక విసిరింది.
ఎదురు తిప్పాను, అటు విసిరింది.
వంపులో కాస్త బ్రేకు తాకానో లేదో
వచ్చిన దారినే చూస్తూ నిలబడింది,
ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు.

తరవాత చాళ్లు. ఇక్కడ లెక్క మారింది.
దూకుళ్లకి బాగుంటుందని
ఆమె షాకుల్లో చిక్కటి నూనె పోసింది.
చాలు, చాలు, మళ్లీ చాలు.
ముడుచుకున్న స్ప్రింగు సాగేలోపే ఇంకో దెబ్బ.
నాలుగో చాలుకి బండి బల్లచెక్కయిపోయి
గడగడలాడుతూ పక్కకి పోయింది.
నాది పల్చటి నూనె, కుట్టుమిషను నూనెకి కాస్త పైన.
చక్రాలు వణికాయి, నడుం కదల్లేదు.
"నా ఆటోకిలా సేస్తావేటి?" అంది, నవ్వకుండా.
పెందుర్తి రోడ్డు ఆ నడుం మీద
ఎన్నేళ్లుగా ఉందో నేను అడగలేదు.

గట్టు మీంచి దూకితే మళ్లీ ఆమెదే పైచెయ్యి.
కింద నేల లేకపోయినా బండి మాట వింటుంది:
వేగం పెంచితే ముక్కు లేస్తుంది, బ్రేకు వేస్తే దిగుతుంది.
నాలుగు చక్రాలది తొందరగా వింటుంది.
నాది కొంచెం ఆలోచించి, ఆలోచిస్తూనే పడుతుంది.

పోర్టులో ఇరవయ్యారేళ్లు క్రేను నడిపాను.
చేతికందని బరువు ఊగుతున్నప్పుడు
వేళ్లు ఎంత తక్కువ కదలాలో తెలుసు.
అయినా బండి నా వైపు తిరిగి వస్తుంటే
కుడి ఎడమవుతుంది, నాకు కంగారవుతుంది.
రత్నం అయితే బండితో పాటు తనే తిరుగుతుంది,
నాకు వీపు పెట్టి, భుజం మీంచి చూస్తూ,
వెనక సీట్లో ఎవరిదైనా సంచీ ఉండిపోయిందా అన్నట్టు.

ఆ వేళ రిమోట్లు మార్చుకుందామంది.
ఆమె బండి చెప్పింది చెప్పినట్టు చేసింది.
రెండు చుట్లయ్యేసరికి
నా చేతులకి పెన్షనిచ్చేసినట్టనిపించింది.
నాది ఆమె చేతిలో మొదటి వంపుకి బోర్లా,
రెండో వంపుకి బోర్లా,
మూడోసారి గిర్రున తిరిగి ముళ్లపొదలోకి.
నాలుగోసారి తోక జారుతుండగా పట్టుకుంది.
వదల్లేదు. వంపు పొడుగునా జారనిచ్చింది,
ఎర్రదుమ్ము నడుమెత్తు లేచింది,
"ఓలమ్మో" అని అరిచింది,
నలభై ఏడో నంబరు ప్లాటు రాయికి గుద్దింది.

ముందు చక్రం ఊడి వేలాడింది.
ఆమె సారీ చెప్పలేదు.
"ఇదేటి, దీనికి పేణవున్నట్టుంది" అంది.

మూడు మిల్లీమీటర్ల స్క్రూ ఒకటి పోయింది.
ఎండెక్కేదాకా ఇద్దరం చాళ్లలో వేళ్లు పెట్టి వెతికాం.
అంత దగ్గరగా చూస్తే చిన్న చాలు కూడా లోయే,
గోరంత గులకరాయి కూడా
ఎవరో చుట్టి వెళ్లాల్సిన కొండే.
దొరికిన స్క్రూ మాది కాదు.
ఉప్పుగాలికి తుప్పెక్కింది, ఎప్పుడు ఎవరు పారేసుకున్నారో.
చీర చెంగుతో తుడిచి ఇచ్చింది.
మూడు చుట్లు తిరిగి పట్టేసింది.